సాఫ్ట్‌వేర్ ఒకటే, రాతలే వేరు

'సిస్టమ్ తీసుకోవడం లేదండీ.' బ్యాంకు కౌంటర్లోనో, రేషన్ షాపులోనో ఈ మాట వినని వారుండరు. సిస్టమ్ అంటే బల్ల మీది కంప్యూటరేనన్నది సామాన్యుడి నమ్మకం. మేనేజ్‌మెంట్ కోర్సు మొదటి ఏడాదిలో ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్ క్లాసుకు వచ్చే విద్యార్థుల్లోనూ చాలామందిది అదే అభిప్రాయం. ఫైనాన్స్, మార్కెటింగ్‌ల మీద మోజున్న వారికి ఇదో తప్పనిసరి తద్దినం. ఆ అపోహ పోగొట్టడానికి జంషెడ్‌పూర్ లాంటి ఊరు దొరకడం అరుదు.

1949లో మొదలైన ఎక్స్‌ఎల్‌ఆర్‌ఐ ఉన్నది ఇక్కడే. మానవ వనరుల కోర్సుకు పేరుపడిన ఈ సంస్థలో ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్‌కూ ఓ విభాగం ఉంది. ఒకటి మనుషుల చదువు, మరొకటి యంత్రాల చదువు అనిపిస్తుంది. ఊళ్లోని ఉక్కు కంపెనీ అనుభవం చూస్తే రెండూ ఒకటేనని అర్థమవుతుంది.

2005లో టాటా స్టీల్‌గా పేరు మార్చుకున్న టిస్కో, అంతకు ఆరేళ్ల ముందు ఓ సాహసం చేసింది. జర్మనీకి చెందిన శాప్ సాఫ్ట్‌వేర్‌ను 1999 నవంబర్ 1న దేశవ్యాప్తంగా 46 కేంద్రాల్లో ఒకేసారి ప్రారంభించింది. అందుకు తీసుకున్న సమయం కేవలం ఎనిమిది నెలలు. ఇలాంటి వ్యవస్థ వచ్చాక ఎవరి లెక్క వారిదిగా సాగదు. డిపోలో గుమాస్తా నమోదు చేసిన అంకె మరుక్షణం అకౌంట్స్ వారికీ, ప్రధాన కార్యాలయానికీ కనిపిస్తుంది. ఇంతకాలం సమాచారాన్ని గుప్పిట్లో పెట్టుకుని చక్రం తిప్పిన వారికి ఆ పెత్తనం పోతుంది. శిక్షణ, నచ్చజెప్పడం, కొత్త బాధ్యతలు అప్పగించడం వంటివన్నీ మానవ వనరుల పాఠాలే.

సరిగ్గా అదే ఏడాది జులైలో అమెరికాలో చాక్లెట్ల దిగ్గజం హెర్షీ కూడా అదే శాప్‌ను ఆశ్రయించింది. దానితో పాటు మరో రెండు కంపెనీల సాఫ్ట్‌వేర్లనూ తగిలించింది. నాలుగేళ్లు పట్టాల్సిన పనిని 30 నెలలకు కుదించింది. అది హాలోవీన్ పండుగ ఆర్డర్లు వచ్చిపడే కాలం. గోదాముల్లో సరకు ఉన్నా దుకాణాలకు చేరలేదు. సుమారు 10 కోట్ల డాలర్ల ఆర్డర్లు తీర్చలేక కంపెనీ తల పట్టుకుంది.

తొందరపాటే కొంప ముంచిందనుకోవడానికి లేదు. జంషెడ్‌పూర్ అంతకన్నా తక్కువ వ్యవధిలో పని ముగించింది. ఏ సాఫ్ట్‌వేర్ కొనాలన్న దానికన్నా దాన్ని ఏ రోజు మొదలుపెట్టాలి, ఎవరి పని మారుతుంది, ఆ సంగతి వారికి ముందే తెలుసా అన్న ప్రశ్నలే ముఖ్యం. సంస్థ, యాజమాన్యం, సాంకేతికత అనే మూడు కాళ్ల మీద సమాచార వ్యవస్థ నిలబడుతుందని ప్రాథమిక పాఠ్యపుస్తకాలు చెప్పేదీ ఇదే.

ఫ్యాక్టరీ గేటు దాటితే పాఠం మరింత కఠినంగా ఉంటుంది. ఇదే జార్ఖండ్‌లోని సిండెగా జిల్లాలో 2017 సెప్టెంబర్‌లో పదకొండేళ్ల బాలిక చనిపోయింది. ఆధార్‌తో జోడించలేదని రేషన్ కార్డు రద్దు చేశారని, ఆకలే బిడ్డను బలిగొందని కుటుంబం వాపోయింది. కాదు, మలేరియా అన్నారు అధికారులు. దేశమంతటా దుమారం రేగడంతో ఆధార్ లేదన్న కారణంతో ఎవరికీ రేషన్ నిరాకరించవద్దని అక్టోబర్‌లో కేంద్రం రాష్ట్రాలను ఆదేశించింది.

చాక్లెట్ దొరకని దుకాణదారు మరో కంపెనీకి ఫోన్ చేసుకుంటాడు. రేషన్ కార్డు పోయిన ఇంటికి మరో ప్రభుత్వం ఉండదు. అందుకే ఈ కోర్సులో విజయగాథలతో పాటు సిండెగా కూడా ఓ పాఠం కావాలి. జాబితా నుంచి పేరు తొలగించే ముందు ఆ ఇంటి తలుపు తట్టాల్సిందెవరు, వేలిముద్ర పడకపోతే బియ్యం ఇప్పించాల్సిందెవరు అన్నవి సాఫ్ట్‌వేర్ రాయకముందే తేలాల్సిన విషయాలు. పరీక్షలో వీటికి మార్కులు తక్కువే కావచ్చు. కానీ నేడు ఆ బెంచీల మీద కూర్చున్న వారిలో కొందరు రేపు అలాంటి జాబితాలు తయారు చేసేవారే.