మా మనుమరాలి వడ్డన



గడచిన యారు మాసములును నేను అమెరికాలో మా అమ్మాయి యింట నుంటిని. తిరిగివచ్చినది మొదలు, అక్కడి మేడలను గూర్చియు మంచును గూర్చియు ఈ పుటలో వ్రాయుమని పలువురు సోదరీమణులు అడుగుచున్నారు. ఆ విషయములు ఇదివరకే ఎందరో వ్రాసియున్నారు. నేనీ మాసము వ్రాయబూనినది ఒక భోజనశాలను గూర్చియు, దానిని పురస్కరించుకొని నేనాడిన యొక అబద్ధమును గూర్చియు.

మా అమ్మాయివారు పెన్సిల్వేనియా రాష్ట్రమున, ఫిలడెల్ఫియా నగరమునకు దాపున నివసించుచున్నారు. మనుమరాలికి పదునారేండ్లు. ఉన్నత పాఠశాలలో చదువుచున్నది. వారి యూర వృద్ధుల నివాసమొకటి కలదు. దానిని దిక్కులేనివారి ఆశ్రమమని తలపవలదు. ఉద్యోగములు విరమించినవారు సొంత యిల్లమ్ముకొని, పెద్ద మొత్తము ముందుగా చెల్లించి, పిదప నెలనెలకును కొంత కట్టుచు అక్కడ కాపురముందురు. తమంత తాము మెలగగలవారికి వేరు గృహములు, స్నానమునకును మందులకును ఒకరి చేయి కావలసినవారికి వేరు భాగము, జ్ఞాపకశక్తి తప్పినవారికి వేరొకటి, మంచము పట్టినవారికి వైద్యశాలవంటి దింకొకటి, అన్నియు నొకే ఆవరణములో నుండును. క్వేకరు సమాజమువారు నెలకొల్పిన యిట్టి నివాసములు ఆ ప్రాంతమున పెక్కులు కలవు.

మా మనుమరాలు ఆ నివాసపు భోజనశాలలో వారమునకు మూడు సాయంకాలములు వడ్డన చేయుచున్నదని నేను చేరిన మరునాడు తెలిసినది. అల్లుడుగారికి లోటేమియు లేదు. పిల్లకు సొమ్ము కావలసి కాదు. ఆ దేశమున ఆ యీడు పిల్లలు పని చేయుట వాడుక. ఇది విని నేను పైకేమియు అనలేదు గాని మనసు చివుక్కుమన్నది. మా యింట మాంసము వండుట లేదు. పరాయివారి మాంసపు పళ్ళెములు మోయుటయు, వారి ఎంగిలి తీయుటయు మా పిల్లకు పట్టినదా యనిపించెను. మనలో వడ్డించిన చేతిని అందరును మెచ్చుకొందురు. విస్తరి యెత్తిన చేతిని ఎవరును చూడరు. అచ్చట ఆ రెండును ఒకే చేయి.

ఆ వారమే హైదరాబాదునుండి మా వియ్యపురాలు ఫోను చేసి పిల్ల క్షేమమడిగిరి. "సాయంకాలములందు వృద్ధుల నివాసమునకు పోయి, వారికి పుస్తకములు చదివి వినిపించుచున్నది, వదినగారూ," అంటిని. ఆ మాట నా నోటినుండి ఎట్లు వచ్చినదో నేటికిని తెలియదు. వెనుకకు తిరిగి చూతునుగదా, పిల్ల మెట్లమీద నిలుచుండి యున్నది. దానికి తెలుగు చదువరాదుగాని వినుటకు బాగుగా వచ్చును. "అమ్మమ్మా, నేనక్కడ పుస్తకాలు చదవను," అని మాత్రమని లోనికి పోయినది. రెండు దినములు నాతో ముక్తసరిగా మాటలాడినది. మూడవనాడు ఒక చీటి తెచ్చి నా చేతికిచ్చినది. ఆ నివాసములోని యొక వృద్ధురాలు నన్ను శనివారము తన యతిథిగా భోజనమునకు పిలిచినదట.

ఆ రెండు దినములలో మా అమ్మాయి నాకు కొన్ని సంగతులు చెప్పినది. పదునెనిమిదేండ్లు నిండనివారు ఆ రాష్ట్రమున పనికి కుదురవలెనన్న పాఠశాలా మండలినుండి అనుమతి పత్రము తెచ్చుకొనవలెను. ఆ యీడువారు యంత్రపు కత్తితో మాంసము తరుగరాదని దేశమంతటికిని శాసనమున్నది. అక్కడి హోటళ్ళలో వడ్డించువారికి జీతము స్వల్పము, తినువారిచ్చు బహుమానమే బ్రతుకుతెరువు. ఈ నివాసములో అది నిషిద్ధము. ఎవరైన చేతిలో నోటు పెట్టబోయినను పుచ్చుకొనరాదు. గంటకింతయని పూర్తి వేతనమే యిత్తురు. సంవత్సరాంతమున వృద్ధులందరును కలసి నిధి కూర్చి పనివారందరికిని పంచుదురు. పై చదువునకు పోవు పిల్లలకు విద్యార్థి వేతనములు కూడ అందుండి యిత్తురట.

ఇచ్చట నొక మాట. మన పిల్లలు పలువురు పై చదువులకై ఆ దేశమేగుచున్నారు. విద్యార్థిగా పోయినవారు ప్రత్యేకానుమతి లేక విశ్వవిద్యాలయపు ఆవరణ దాటి ఇట్టి పనులు చేయరాదు. మా మనుమరాలు అచ్చటనే పుట్టినది కనుక దానికి చెల్లినది. దీనిని చూచి మీ పిల్లలను తొందరపెట్టవలదు.

శనివారము సాయంత్రము నాలుగున్నరకే బయలుదేరితిమి. వృద్ధులు పెందలకడనే భుజింతురు. భోజనశాల వాకిట గోడ పొడవునను చేతికఱ్ఱలును, చక్రముల ఊతబండ్లును వరుసగా నిలిపి యున్నవి. మన దేవాలయము ముందర పాదరక్షలవలె తోచినవి. లోపల నలుగురేసి కూర్చుండు బల్లలు, తెల్లని గుడ్డలు, ఒక్కొక్క చిన్న పూలపాత్ర. నన్ను పిలిచిన యామెకు తొంబదియొక యేండ్లు. ఒకప్పుడు పాఠశాలలో గణితము చెప్పెడిదట. నాకు వచ్చిన కొద్దిపాటి ఇంగ్లీషుతో ఎట్లు పొద్దుపుచ్చుదునా యని భయపడితిని గాని, ఆమెకు చెవులు సగమే వినబడుటచేత మాకు చక్కగా జత కుదిరినది.

నల్లని లాగు, తెల్లని చొక్కా, పైన నడుముగుడ్డ కట్టి మా పిల్ల వచ్చినది. ఇంట మంచినీళ్ళ గ్లాసు కూడ తీయని పిల్ల! అది ఆ బల్లలమధ్య తిరిగిన తీరు చూచుచు నేను భోజనము మరచితిని. మాటలాడునప్పుడు ప్రతివారికిని ఎదురుగా వచ్చి, కొంచెము వంగి, మొగము కనబడునట్లు నిలుచుచున్నది. వినికిడి తక్కువైనవారు పెదవులను చూచి మాట గ్రహింతురట. ఒక పెద్దాయన చేయి వణకును. ఆయనకు పులుసువంటి చారును గిన్నెకు సగమే పోసి తెచ్చి, గిన్నె చెవి ఆయన కుడిచేతి వైపునకు త్రిప్పి పెట్టినది. మరియొకామెకు మాంసము వంటయింటనే చిన్న ముక్కలు చేయించి తెచ్చినది, పదిమంది యెదుట ఆమె కత్తితో పెనుగులాడకుండ. పళ్ళెము ఎడమప్రక్కనుండి పెట్టుట, కుడిప్రక్కనుండి తీయుట యచ్చటి మర్యాద. తినుట ముగియనివారి పళ్ళెము కదలింపరాదు. నలుగురిలో ముగ్గురు ముగించినను, నాలుగవవారిని తొందరపెట్టినట్లగును గనుక, ముగ్గురి పళ్ళెములును ఉంచవలసినదేనట. ఈ నియమము నాకు మిక్కిలి నచ్చినది. మన బంతిభోజనములలోను పెద్దలు లేవకమునుపు లేవరాదను మర్యాద యున్నదిగదా!

ఇంటికి వచ్చునప్పుడు దారిలో పిల్ల మరికొన్ని చెప్పినది. కొందరికి మ్రింగుటలో దోషముండును. పలుచని నీరు గొంతు తప్పి ఊపిరితిత్తులలోనికి జారి, జబ్బుచేయును. అట్టివారికి నీటిలోను కాఫీలోను చిక్కదనమునిచ్చు పొడి కలిపి యియ్యవలెను. ఎంత చిక్కగా నుండవలెనో తెలుప సున్న మొదలు 7 వరకు అంకెలున్నవి. సున్న యనగా వట్టి నీరు, 7 అనగా మామూలు భోజనము. ఎవరికే యంకెయో దానిని నిర్ణయించువారు వేరు. వడ్డించువారు దానిని మార్చరాదు. "ఒక తాతగారు రోజూ మంచినీళ్ళు అడుగుతారు, అమ్మమ్మా. ఒక్క గుక్క చాలంటారు. నేనియ్యను," అని పిల్ల కిటికీలోనుండి బయటికి చూచినది. అన్నము పెట్టుటకంటె ఆ నీళ్ళు కాదనుట కష్టమని నాకు తోచినది.

మరల పదునైదు దినములకు జరిగిన సంగతి యిది. కిటికీ దగ్గరి బల్లయొద్ద ఒకామె ప్రతిదినమును సరిగా ఐదు గంటలకు వచ్చి ఒకే కుర్చీలో కూర్చుండెడిది. కాఫీ తొలుతనే కావలెను, భోజనానంతరము కాదు. ఆనాడు ఐదుంబావైనను రాలేదు. తోడి స్త్రీలు కుమార్తె వచ్చి తీసికొని పోయియుండునని యనుకొనిరి. మా పిల్లకు తోచలేదు. బయటికి పోవుదినమున ఆమె ముందుగా చెప్పి, తన రొట్టెముక్క నెవరికో యిప్పించెడిది. పిల్ల పోయి పైవారితో చెప్పినది. వారు గదికి ఫోను చేసిరి, పలుకలేదు. తలుపు తీసి చూడగా మంచమునకును గోడకును నడుమ పడియున్నది. తుంటి యెముక విరిగినది. ఎంతసేపటినుండియో పడియున్నను కేక వినువారు లేకపోయిరి. భోజనశాలలో కుర్చీ ఖాళీగా నుండుట యొక్కటే ఆమె కేకయైనది.

ఆమె వైద్యశాల భాగమున ఐదువారములు బ్రతికి, పిదప కాలముచేసినది. ఆ సాయంత్రము వడ్డన మొదలగుటకు ముందు పైయుద్యోగిని పిల్లలందరిని వంటయింట నిలిపి సంగతి చెప్పి, కొంతసేపు మౌనముగా నుండి, తలుపులు తీయించినదట. కిటికీ దగ్గరి కుర్చీలో క్రొత్తవారెవరో కూర్చుండి యుండిరి. "నేను వాళ్ళకి కాఫీ తెచ్చేశాను ముందే. వాళ్ళు అడగలేదు, అమ్మమ్మా," అని పిల్ల కారులో నా భుజముపై తలయానించి యేడ్చినది. ఏమి చెప్పుదును? పదునారేండ్లకు నేను చావును చూచియుంటిని, మా యింటి చావును. పరుల యింటి పెద్దలకై ఏడ్చుట నాకప్పుడు తెలియదు.

అచ్చటి వంటవాడొకడు, పాతకాపు, నాతో మరియొక మాట చెప్పెను. 2020 మార్చిలో కరోనా వ్యాధి ప్రబలినప్పుడు రోగులుండు వృద్ధ నివాసములలో కలసి భుజించుట మాన్పవలెనని ప్రభుత్వపు ఆజ్ఞ వచ్చినది. వీరును భోజనశాల మూసి, పళ్ళెములు గదుల గుమ్మములవద్ద నుంచి వచ్చెడివారట. అదే వంట, అదే ఉప్పు. పళ్ళెములు మాత్రము సగము నిండియే తిరిగివచ్చెడివట.

ఈ మాట నన్ను ఇంటివరకు వెంటాడినది. మా యత్తగారికి ఎనుబదియారేండ్లు. మేము తెనాలిలోనే కలసియున్నాము. ఆమెకు కన్ను మందగించినదనియు, మెల్లగా తినుననియు, మధ్యాహ్నము పండ్రెండింటికే పళ్ళెము ఆమె గదిలో ముక్కాలిపీటపై పెట్టించి వచ్చుట చిరకాలముగా మా యింటి వాడుక. ఆమెకు అదే సౌకర్యమని చెప్పుకొనుచుంటిమి. ఆమె చెప్పగా మాత్రము మేమెన్నడును వినలేదు. పెరుగన్నము ప్రతిదినమును సగము మిగులును. ఆకలి మందగించినది కాబోలునని యనుకొంటిని.

2004లో బోస్టన్ విశ్వవిద్యాలయపు పరిశోధకులు జ్ఞాపకశక్తి నశించు వ్యాధిగల కొందరు వృద్ధులకు తెల్లని పళ్ళెములకు మారుగా ముదురు ఎఱ్ఱని పళ్ళెములలో భోజనము పెట్టి చూచిరి. వారు తిను ఆహారము నూటికి 25 పాళ్ళును, త్రాగు ద్రవము నూటికి 84 పాళ్ళును హెచ్చినది. తెల్లని పళ్ళెములో తెల్లని పదార్థము వారి కన్నులకు ఆనదని వారి యూహ. పరీక్షింపబడినవారు పదిమందికి లోపే కనుక దీనిని వేదవాక్కుగా గొనవలదు. మా యత్తగారికి ఆ వ్యాధియు లేదు. అయినను తెల్లని పింగాణి పళ్ళెములో పెరుగన్నము! నేను తెనాలి చేరిన మరునాడే బజారునకు పోయి ముదురు ఎఱ్ఱని పళ్ళెమొకటి కొంటిని. ముక్కాలిపీటను అటకపై పెట్టించి, ఆమె కుర్చీని మా భోజనపు బల్లయొద్దకు జరిపించితిని.

మొదటి దినము ఆమెకు సిగ్గు వేసి ఏమియు తినలేదు. రెండవ దినము గ్లాసు తన్నివేసినది. మా చిన్న మరిది విసుగుకొనెను. ఇప్పటికి నెల దాటినది. కొన్ని దినములు పెరుగన్నము పూర్తియగును, కొన్ని దినములు కాదు. మేము ముగించి ఆమెకొరకు కూర్చుండవలసి వచ్చుచున్నది, ఒక్కొక్కమారు అరగంట. ఆ యరగంటలో మా మామగారి చిన్ననాటి సంగతులు, నలువదియేండ్లు ఆ యింట కాపురము చేసియు నేను విననివి, చాల వింటిని. పళ్ళెములు ఆమెయును ముగించినపిదపనే తీయుచున్నాము.

నిన్న వియ్యపురాలికి ఫోను చేసితిని. కొంత నసిగి, తుదకు, "పిల్ల అక్కడ పుస్తకములు చదువుట లేదు, వదినగారూ. వడ్డించుచున్నది. పళ్ళెములు కూడ తీయుచున్నది. నేనే మీతో అబద్ధమాడితిని," అంటిని.

ఆమె క్షణమాత్ర మూరకుండి నవ్వినది. "నాకు తొలుతనే తెలియును, వదినగారూ. ఉద్యోగము దొరకిననాడే అది నాకు ఫోను చేసి చెప్పినది. మీరు చెప్పువరకు ఊరకుండుమని కూడ అదియే చెప్పినది."