కొర్రలు ఆహారమే, షుగర్ మాత్ర కాదు



పోయిన నెల మా దగ్గర కొర్రబియ్యం కొనే ఒక పెద్దాయన ఫోన్ చేశారు. "తమ్ముడూ, నీ వీడియో చూసి రెండు నెలల నుంచి కొర్రలే తింటున్నా. షుగర్ మాత్రలు మానేశా" అన్నారు. ఆయన సంతోషంగానే చెప్పారు గానీ నాకు గుండె ఝల్లుమంది. ఎందుకంటే ఆ వీడియోలో "కొర్రలు తింటే షుగర్ పోతుంది" అన్నది నేనే. వెంటనే డాక్టర్ దగ్గరికి పొమ్మన్నాను. పరీక్ష చేస్తే షుగర్ బాగా పెరిగి ఉంది. పైన పెట్టిన కొత్త వీడియోలో నా మాట వెనక్కి తీసుకున్నాను. ఎందుకో ఇక్కడ రాస్తున్నా.

షుగర్ అంటే తీపి ఎక్కువ తినడం వల్ల వచ్చే జబ్బు అనుకుంటాం. నిజానికి అది అవయవాల మధ్య మాట చెడటం. అన్నం తినగానే పేగు జీఎల్‌పీ-1 అనే హార్మోన్‌తో పాంక్రియాస్‌కు, అంటే క్లోమానికి, కబురు పంపుతుంది. క్లోమం ఇన్సులిన్ వదులుతుంది. అది కండరాలతో చక్కెర తీసుకోమని, లివర్‌తో ఇక చక్కెర వదలొద్దని చెబుతుంది. టైప్-2 షుగర్‌లో చాలామందికి ఇన్సులిన్ ఉంటుంది, దాని మాట సరిగా వినేవాళ్లే ఉండరు. రాత్రంతా ఏమీ తినకపోయినా పొద్దున్నే షుగర్ ఎక్కువ చూపించేది ఇందుకే. లివర్ మాట వినకుండా చక్కెర వదులుతూనే ఉంటుంది.

మన పొలంలో చూడండి. వేరుశనగకు యూరియా దండిగా వేస్తే వేరు బుడిపెలు తగ్గుతాయి. నత్రజని పైనుంచే వస్తుంటే మొక్క రైజోబియంను పిలవడం తగ్గిస్తుంది. అలాంటి నేల ఒక్కసారి జీవామృతం పోస్తే బాగైపోతుందని మనం ఎవరికైనా చెప్తామా? మరి ఒక్క గింజతో ఒళ్లు బాగైపోతుందని ఎలా చెప్తున్నాం?

కొర్రలు మంచివి కాదని అనడం లేదు. పాలిష్ పట్టని గింజలో పీచు ఉంటుంది, చక్కెర నెమ్మదిగా ఎక్కుతుంది. అదే బాగా పాలిష్ పట్టి, మెత్తగా పిండి చేసి జావ కాస్తే ఆ లాభం తగ్గిపోతుంది. ఇంకోటి, పనిచేసే కండరం ఇన్సులిన్ కబురు లేకపోయినా చక్కెర లాక్కుంటుంది. మా నాన్న ఎద్దుల వెంట రోజంతా నడిచారు. నేను బండి మీద పోయి, మోటార్ స్విచ్ వేసి వస్తున్నా. తిన్నాక కాసేపు నడవండి అని కూడా మనం చెప్పాలి. తిండి మార్చినవాళ్లకు మాత్రల మోతాదు తగ్గించాల్సి వస్తే, అది డాక్టరే పరీక్ష చూసి చెప్పాలి.

దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగర్ ఉందని 2023లో ఐసీఎంఆర్ అధ్యయనం తేల్చింది. వాళ్ల భయాన్ని మనం మార్కెట్ చేసుకోకూడదు. ఈ దఫా మా ప్యాకెట్ల మీద "షుగర్ తగ్గిస్తుంది" తీసేసి, "డాక్టర్‌ను అడగకుండా మాత్రలు మానకండి" అని వేయించాను. అమ్మకం కాస్త తగ్గింది. పర్లేదు. ఆ పెద్దాయన ఇప్పటికీ మా కొర్రలే తింటున్నారు, మాత్రలూ వేసుకుంటున్నారు. మీ ప్యాకెట్ మీద ఏం రాసి ఉందో ఒకసారి చూసుకోండి.