లక్ష్యమెరిగినవారే లక్షణం చెప్పాలి

ఆక్యుపేషనల్ థెరపీని తెలుగులో 'వృత్తి చికిత్స' అంటున్నారు. ఆ మాట వినగానే అదేదో ఉపాధి శిక్షణ కాబోలుననిపిస్తుంది. కాని ఇక్కడ వృత్తి అంటే జీవనోపాధి మాత్రమే కాదు. స్నానం చేయడం, అన్నం తినడం, బట్ట కట్టుకోవడం, పిల్లవాడు అక్షరాలు దిద్దడం, ఇలా మనిషి దినచర్య అంతా వృత్తియే. పక్షవాతంతో చేయి పడిపోయినవారికీ, ఆటిజం ఉన్న పసివారికీ ఆ దినచర్యను సాధ్యమైనంతవరకు చేతికందించే విద్య ఇది.

ఈ విద్య నేర్చినవారి ముందు రెండు దారులున్నాయి: చికిత్స, పరిశోధన. మొదటి దారి పట్టినవారికి రోగుల వరుస తరగదు, తీరిక దొరకదు. రెండవ దారి పట్టినవారు క్రమంగా రోగికి దూరమవుతారు. ఈ రెంటినీ విడదీయడం విద్యకూ, రోగికీ కూడ నష్టమని నా అభిప్రాయం.

వ్యాకరణం చదివినవారికి ఇది తెలియనిది కాదు. లోకంలోని ప్రయోగం లక్ష్యం, సూత్రం లక్షణం. లక్ష్యాన్ని పరిశీలించి లక్షణం చెప్పాలే కాని, ముందుగా సూత్రం వ్రాసుకొని భాషను అందులో ఇరికించరాదు.

రోగి తన పనులు తాను ఎంతవరకు చేసుకోగలడో 10 అంశాలలో కొలిచే బార్తెల్ సూచిక 1965లో అమెరికాలో వెలువడింది. నేడు మన దేశంలోనూ వాడుకలో ఉంది. భోజనమనే అంశం వివరణలో ఆహారాన్ని కోసుకోవడం, వెన్న పూసుకోవడం కనిపిస్తాయి. మన రోగి కోరేది వేరు. వేడి అన్నంలో పప్పు కలిపి ముద్ద చేసుకోగలనా? నేలమీద బాసిపట్టు వేసుకొని కూర్చొని లేవగలనా? చీర కుచ్చెళ్ళు పోసుకోగలనా? ఈ తేడా మొదట పట్టుబడేది రోగి ప్రక్కన కూర్చున్న థెరపిస్టుకే. దానిని కొలిచి, పదిమందిలో పరీక్షించి, వ్రాసిపెట్టకపోతే ఆ అనుభవం ఉద్యోగ విరమణతోనే ముగిసిపోతుంది.

"రోగులు ఎదురుచూస్తుంటే పరిశోధన విలాసం కాదా?" అని అడుగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. సమాధానం 1997లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో ఉంది. లాస్ ఏంజిలస్‌లో ఫ్లారెన్స్ క్లార్క్ అనే ఆక్యుపేషనల్ థెరపిస్టు, ఆమె సహచరులు 60 ఏండ్లు దాటిన 361 మందిని మూడు బృందాలు చేశారు. ఒక బృందానికి 9 నెలలపాటు థెరపీ, మరొకదానికి కేవలం కాలక్షేపపు కూడికలు, మూడవదానికి ఏదీ లేదు. థెరపీ పొందినవారికి ఆరోగ్యంలోనూ జీవనసరళిలోనూ మేలు కనిపించింది. ఊరకే నలుగురితో కలిసి కూర్చున్నవారికి, ఏదీ పొందనివారికంటె అధికమైన మేలు కనబడలేదు. "ముసలివారికి కాలక్షేపం చాలు" అన్న నమ్మకం ఎంతవరకు నిజమో ఆ పరీక్ష లేకుంటే తెలిసేదా? పరీక్షింపని చికిత్సకు రోగి తన కాలాన్నీ, ధనాన్నీ, ఆశనూ వెచ్చిస్తున్నాడు.

కనుక ఆసుపత్రులు థెరపిస్టుకు వారానికొక పూటైనా జీతంతో కూడిన పరిశోధన సమయం ఇవ్వాలి. కళాశాలలు తమ అధ్యాపకులను వార్డులకు పంపాలి. పదోన్నతిలో రెండు పనులకూ విలువ కట్టాలి. ఈ వృత్తుల విద్యా ప్రమాణాలకోసం 2021లో ప్రత్యేక జాతీయ చట్టమే వచ్చింది. ఆ ప్రమాణాలలో ఈ మాటకు చోటు దొరకాలి. రాత్రి ఇంటికి వెళ్ళి సొంత నిద్ర మానుకొని చేసే పరిశోధనను త్యాగమని పొగడడం సులభమే. ఆ పూట జీతమివ్వడమే అసలైన గౌరవం.