650 సీసీ క్రూజర్ కొనాలనుందా? ముందు ఈ లెక్కలు చూసుకోండి

ఫోన్ కొనేటప్పుడు మనలో చాలామందికి ఒక అలవాటు ఉంటుంది. ముందు ప్రాసెసర్ ఏంటో చూస్తాం, తర్వాత బెంచ్‌మార్క్ స్కోర్. బైక్ దగ్గరికి వచ్చేసరికి కూడా అదే వరస: ఎన్ని సీసీ, ఎంత పవర్, టాప్ స్పీడ్ ఎంత? పెర్ఫార్మెన్స్ క్రూజర్‌ని ఇలా చూస్తే మాత్రం దాని గొప్పతనమూ తెలీదు, దానితో వచ్చే ఇబ్బందీ తెలీదు. కిందటి ఏడాది నుంచి నా విష్ లిస్ట్‌లో ఒక 650 సీసీ క్రూజర్ ఉంది. కొనాలా వద్దా అని నేను వేసుకున్న లెక్కలే ఇవి. మీకూ పనికొస్తాయి.

అసలు పెర్ఫార్మెన్స్ క్రూజర్ అంటే ఏంటి? తక్కువ ఎత్తులో సీటు, ముందుకు చాపి కూర్చునే కాళ్లు, పొడవాటి బండి. ఇదంతా మామూలు క్రూజరే. దానికి గట్టి ఇంజిన్ తగిలిస్తే పెర్ఫార్మెన్స్ క్రూజర్. ప్రపంచంలో ఈ పేరుకి అసలైన ఉదాహరణలు 2,458 సీసీ ట్రయంఫ్ రాకెట్ 3, 168 హార్స్‌పవర్ డుకాటీ డయావెల్ వీ4. అవి మన జేబుకి అందవు. ఉద్యోగంలో చేరి రెండు మూడేళ్లయిన కుర్రాడు కాస్త గట్టిగా ప్రయత్నిస్తే అందేది 650 సీసీ క్లాస్. అందులో రాయల్ ఎన్‌ఫీల్డ్ సూపర్ మీటియర్ 650 ఒకటి, ఎక్స్-షోరూమ్ ధరే 7 లక్షలు దాటే కవాసాకీ వల్కన్ ఎస్ ఇంకోటి. ఎక్కువమంది ఆలోచించేది సూపర్ మీటియర్ గురించే కాబట్టి దాన్నే ఉదాహరణగా తీసుకుంటాను.

అసలు మజా ఎక్కడుంది?

సూపర్ మీటియర్‌లో 648 సీసీ ట్విన్ సిలిండర్ ఇంజిన్, 47 పీఎస్ పవర్. 399 సీసీ కేటీఎం 390 డ్యూక్‌లో 46 పీఎస్. అంటే పవర్ దాదాపు సమానం. బరువు చూస్తే డ్యూక్ 168 కిలోలు, సూపర్ మీటియర్ 241 కిలోలు. బెంచ్‌మార్క్ స్కోర్ చూసి కొనే లెక్కయితే ఇక్కడితో కథ అయిపోయింది, డ్యూక్ తీసుకుని ఇంటికెళ్లిపోవచ్చు.

ఇప్పుడు టార్క్ చూడండి. డ్యూక్‌ది 39 న్యూటన్ మీటర్లు, సూపర్ మీటియర్‌ది 52.3. కంపెనీ చెప్పే ప్రకారం అందులో 80 శాతం 2,500 ఆర్పీఎం దగ్గరే దొరుకుతుంది. మాటిమాటికీ గేర్ దించాల్సిన పనిలేదు. ఐదో గేర్‌లో నెమ్మదిగా వెళ్తూ యాక్సిలరేటర్ కొంచెం తిప్పితే చాలు, బండి ముందుకు తోసుకుపోతుంది.

ఇది మనకి ఎందుకు ముఖ్యమంటే, కేంద్రం 2018లో ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం నాలుగు లేన్ల హైవే మీద కూడా బైక్‌కి గరిష్ఠ వేగం 80 కిలోమీటర్లే. హైదరాబాద్‌లో వేగంగా పోగలిగే రోడ్డు ఔటర్ రింగ్ రోడ్డు, దాని మెయిన్ క్యారేజ్‌వే మీదికి టూ వీలర్లని రానివ్వరు. 150 దాటితేనే మజా ఇచ్చే బండి కొంటే ఆ మజా ఎక్కడ అనుభవిస్తాం? క్రూజర్ 70, 80 దగ్గరే కావాల్సినంత ఇస్తుంది. విశాఖ నుంచి భీమిలి బీచ్ రోడ్డు మీదో, మన్ననూరు దాటాక శ్రీశైలం అడవి దారిలోనో తొందర లేకుండా పోవడానికి ఇంతకంటే మంచి బండి దొరకదు. నా దృష్టిలో దీన్ని కొనడానికి అతి పెద్ద కారణం ఇదే. 740 మిల్లీమీటర్ల సీటు ఎత్తు ఇంకో ప్లస్. నాలాంటి ఐదడుగుల ఆరంగుళాల వాళ్లకి రెండు కాళ్లూ పూర్తిగా నేలకి ఆనుతాయి.

స్పెక్ షీట్‌లో కింద ఉండే నంబర్లు

ఫోన్ రివ్యూల్లో బరువు, వేడి గురించి చివర్లో రాస్తారు కదా, వాడేటప్పుడు మాత్రం మొదట తగిలేవి అవే. బైక్‌లోనూ అంతే.

మొదటిది బరువు. 241 కిలోలు రోడ్డెక్కి కదిలాక తెలియవు. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో, ఏటవాలు ర్యాంప్ మీద బండిని వెనక్కి తోసేటప్పుడు తెలుస్తాయి. ఆఫీస్ పార్కింగ్‌లో అటొకటి ఇటొకటి స్కూటర్లు పెట్టి ఉంటే ఇంకా బాగా తెలుస్తాయి.

రెండోది వెనక సస్పెన్షన్. దీని ట్రావెల్ 101 మిల్లీమీటర్లు, డ్యూక్‌లో 150. కాళ్లు ముందుకు చాపి కూర్చుంటాం కాబట్టి గుంత వచ్చినప్పుడు ఫుట్‌పెగ్స్ మీద లేచి దెబ్బ తప్పించుకోవడం కష్టం. ఆ దెబ్బ నేరుగా నడుముకే. స్మూత్ హైవే మీద సోఫాలా ఉండే సీటు, వానాకాలంలో మన సిటీ రోడ్ల మీద అలా ఉండదు.

మూడోది గ్రౌండ్ క్లియరెన్స్, 135 మిల్లీమీటర్లు. కాలనీల్లో ఎవరికి తోచినట్టు వాళ్లు వేసుకున్న స్పీడ్ బ్రేకర్లు మీకు తెలుసు. వెనకాల అమ్మనో ఫ్రెండ్‌నో కూర్చోబెట్టుకున్నప్పుడు ప్రతి బ్రేకర్ దగ్గరా ఆచితూచి పోవాలి. ఇక ఎండాకాలంలో సిగ్నల్ దగ్గర ఆగితే రెండు సిలిండర్ల వేడి కాళ్లకి తగులుతూనే ఉంటుంది.

గ్యాడ్జెట్ పిచ్చోళ్లకి నిరాశే

డ్యూక్‌లో కలర్ టీఎఫ్‌టీ డిస్‌ప్లే, ట్రాక్షన్ కంట్రోల్, కార్నరింగ్ ఏబీఎస్, క్విక్‌షిఫ్టర్ ఉన్నాయి. సూపర్ మీటియర్‌లో ఉన్నది డ్యూయల్ ఛానల్ ఏబీఎస్, బ్లూటూత్‌తో ఫోన్‌కి కనెక్టయి దారి చూపించే చిన్న గుండ్రటి ట్రిప్పర్ స్క్రీన్, యూఎస్‌బీ ఛార్జింగ్ పోర్ట్. రైడింగ్ మోడ్స్ లేవు, ట్రాక్షన్ కంట్రోల్ లేదు. మోడ్స్ లేకపోయినా నాకు పెద్దగా బాధలేదు. ఇంత టార్క్ ఉన్న బండికి, తడి రోడ్ల మీద తిరిగే మనకి, ట్రాక్షన్ కంట్రోల్ లేకపోవడం మాత్రం నిజంగా లోటే.

డబ్బు లెక్క

2023 జనవరిలో ఈ బండి 3.49 లక్షల ఎక్స్-షోరూమ్ ధరతో వచ్చింది. 2025 సెప్టెంబర్ 22 నుంచి 350 సీసీ దాటిన బైకులకి పన్ను 31 శాతం నుంచి 40 శాతానికి పెరిగింది. 350 సీసీ, ఆ లోపు వాటికి 28 నుంచి 18కి తగ్గింది. ఇప్పుడు అన్నీ కలిపి ఆన్-రోడ్ 5 లక్షల చుట్టూ అనుకుందాం. లక్ష చేతి నుంచి కట్టి, మిగతా 4 లక్షలు 10.5 శాతం వడ్డీకి మూడేళ్ల లోన్ తీసుకుంటే ఈఎమ్ఐ దాదాపు 13,000. వడ్డీయే 68,000 అవుతుంది.

నేను ఉప్పల్ నుంచి మాదాపూర్ వెళ్లి రావడానికి రోజూ 50 కిలోమీటర్లు. నెలకి 22 రోజులంటే 1,100. లీటరుకి 22 కిలోమీటర్లు ఇస్తే 50 లీటర్లు, లీటరు 107 రూపాయల లెక్కన 5,350. అదే దూరానికి లీటరుకి 55 ఇచ్చే 125 సీసీ బండికయ్యేది 2,140. ఈఎమ్ఐతో కలిపితే క్రూజర్‌కి నెలకి 18,000 పైమాటే. ఇందులో సర్వీసు, టైర్లు, మంచి హెల్మెట్, జాకెట్ ఖర్చు లేదు. ఇన్సూరెన్స్‌లోనూ తేడా ఉంది. 2022లో ప్రకటించిన రేట్ల ప్రకారం కొత్త బండికి ఐదేళ్ల థర్డ్ పార్టీ ప్రీమియం 125 సీసీకి 3,851 అయితే, 350 సీసీ దాటితే 15,117.

మరి కొనాలా?

ఇంట్లో రోజువారీ తిరుగుడికి ఇంకో బండి ఉండి, నెలకి రెండు మూడుసార్లయినా ఊరు దాటి పోయే అలవాటు ఉంటే కొనండి. ఈ డబ్బుకి ఇంత ప్రశాంతంగా, ఇంత బలంగా పోయే బండి వేరే దొరకదు. ఉన్న ఒక్క బండీ ఇదే కావాలి, రోజూ ట్రాఫిక్‌లో ఆఫీస్‌కి పోవాలి, ఈఎమ్ఐ జీతంలో మూడో వంతు దాటుతుంది అంటే వద్దు. స్కూటర్ నుంచి నేరుగా 241 కిలోల బండి మీదికి దూకాలనుకునేవాళ్లకి కూడా నా సలహా అదే. బ్రేక్ కొట్టినప్పుడు ఆ బరువుని ఆపడం అలవాటయ్యే పని, ఒక్కరోజులో వచ్చేది కాదు. క్రూజర్ తీరు నచ్చితే 191 కిలోల మీటియర్ 350 దాదాపు సగం ధరకే వస్తుంది, పన్ను కూడా 18 శాతమే.

నేను మాత్రం ఈ ఏడాది కొనట్లేదు. నెలకి పక్కన పెట్టగలిగింది పెడుతున్నాను, సగం డబ్బు చేతిలో ఉన్నప్పుడే షోరూమ్‌కి వెళ్తాను. మీరు ఈలోపే వెళ్తుంటే ఒక్క పని చేయండి. టెస్ట్ రైడ్ ఖాళీ రోడ్డు మీద రెండు కిలోమీటర్లతో సరిపెట్టుకోకుండా, సాయంత్రం ట్రాఫిక్ టైమ్‌లో అడగండి. తిరిగొచ్చాక ఇంజిన్ ఆపి, బండిని మీరే వెనక్కి తోసి పార్క్ చేయండి. అప్పటికీ మీ ముఖంలో నవ్వు ఉంటే అడ్వాన్స్ కట్టేయొచ్చు.