ఆస్టెన్సిబుల్ – పైకి చెప్పిన కారణము

ఆంగ్లము కొంత చదువుకొనిన సోదరీమణులకు పుస్తకములందు తరచుగా కానవచ్చుచు, అర్థమైనట్లే తోచుచు, తీరా ప్రయోగింపబోవునప్పటికి చేజారిపోవు పదములు కొన్ని కలవు. వానిలో 'ఆస్టెన్సిబుల్' అను విశేషణ మొకటి. ఈ నెల దానిని విచారించుటకు ఒక సోదరి వ్రాసిన జాబు ప్రేరకమైనది. ఆమె పేరనున్న యింటినిగూర్చి దాయాదులకును ఆమెకును వ్యాజ్యము నడచుచున్నదట. ప్రతిపక్షమువారు దాఖలుచేసిన కాగితములలో తన్ను 'ఆస్టెన్సిబుల్ ఓనర్' అని పేర్కొనుట చూచి, నిఘంటువు తిరుగవేసి, 'పైకి మాత్రము కనబడునది' అను నర్థముగని, 'నన్ను దొంగయనుటయే గదా దీని భావము?' అని మిక్కిలి ఖిన్నురాలై వ్రాసినారు. అట్లు కాదని ముందుగా మనవిచేసి, పదముయొక్క పుట్టుపూర్వోత్తరములకు వత్తుము. ఆమె వ్యాజ్యపు సంగతి చివరను చెప్పెదము.

లాటిను భాషయందు 'ఆస్టెన్డెరె' యను క్రియ కలదు. ఎదుట చాచి చూపుట దాని యర్థము. అందలి 'టెన్డెరె' యనుభాగము మన సంస్కృతమునందలి 'తన్' ధాతువునకు జ్ఞాతియే. తంతువు, వితానము, సంతానము అను మాటలలో మనకు పరిచితమైన ధాతువది. కావున 'ఆస్టెన్సిబుల్' అనగా మన యెదుట పరచి చూపబడినది. బట్టల వర్తకుడు మనముందు పరచిన చీర పైమడతవంటి దనుకొనవచ్చును. లోపలి మడత చిరిగియున్నదని యీ పదము చెప్పదు, బాగున్నదనియు చెప్పదు. చూపినది పైమడత మాత్రమేయనియు, లోపల మరియొకటి యుండవచ్చుననియు చెప్పి యూరకుండును. ఈ పదమునందలి సొగసంతయు ఆ యూరకుండుటలోనే యున్నది.

అందుచేతనే దీనికి తెలుగు చేయుట కష్టము. మనకు మిష, నెపము, వంక, సాకు, వ్యాజము అని యెన్ని మాటలు లేవు! అయినను వీనిలో దేనిని వాడినను కారణ మబద్ధమని మనము తీర్పు చెప్పివేసినట్లే. వంకలేనమ్మ డొంక పట్టుకొని యేడ్చినదనునప్పుడు ఆ డొంకకును ఆ యేడుపునకును సంబంధము లేదని మనకు నిశ్చయమే. 'ఆస్టెన్సిబుల్' అంతదూరము పోదు. 'పైకి చెప్పిన', 'చెప్పుకొన్న', 'పేరునకు' అను మాటలు దానికి దగ్గరగా నుండును. 'తలనొప్పియను నెపమున పేరంటమునకు రాలేదు' అన్నచో ఆమెకు తలనొప్పి లేదని మనము సాక్ష్యమిచ్చినట్లు. 'పైకి చెప్పిన కారణము తలనొప్పి' అన్నచో తలనొప్పి యుండవచ్చును, దానితోబాటు వెనుకటి పేరంటములో పసుపుకుంకుమ లిచ్చుటయందు జరిగిన పొరపాటును ఉండవచ్చును. ఆంగ్లపదము ఈ రెండవదానికి సరిపోవును.

ఇచట నొక హెచ్చరిక. కారణ మబద్ధమని మీకు రూఢిగా తెలిసినచో ఈ పదము వాడక అబద్ధమనియే వ్రాయుడు. వేరు కారణమున్నదను సందేహమే లేనప్పుడును దీనిని వాడరాదు. 'మా వదినగారు జ్వరముచేత రాలేదు' అని వ్రాయదలచి, మాట గంభీరముగా నున్నదిగదా యని నడుమ 'ఆస్టెన్సిబ్లీ' అని చేర్చినచో, వదినగారిపై నింద మోపినట్లే యగును. ఆంగ్లము తెలిసిన మరదలు ఆ జాబును చూచెనా, ఇక చెప్పవలసినదేమి! 'స్పష్టముగా', 'నిశ్చయముగా' అను నర్థమున దీనిని వాడుట కూడ తప్పు. అర్థము తలక్రిందులగును.

'అపారెంట్' అను పదముతో దీనిని కలిపివేయువారును కలరు. సూర్యుడు తూర్పునుండి పడమరకు నడచుచున్నట్లు మన కగపడును. ఆ నడక 'అపారెంట్', అనగా కంటికి తోచునది. దానిని 'ఆస్టెన్సిబుల్' అనరాదు. సూర్యుడు మనల నేమియు నమ్మింపజూచుటలేదు గదా! చీకటిలో త్రాడు పామై తోచినను అంతే. త్రాటికి దురుద్దేశము లేదు. 'ఆస్టెన్సిబుల్' అనవలెనన్నచో ఒక మనిషి కావలెను, ఆ మనిషి యొక కారణమునుగాని ప్రయోజనమునుగాని యితరుల యెదుట పెట్టవలెను. కావుననే యీ విశేషణము ప్రాయికముగా రీజన్, పర్పస్, కాజ్, మోటివ్ అను నామములకు ముందు కూర్చుండును. వాక్యము చివరను విధేయముగా నిలుచుట యరుదు.

మాటకు ఆంగ్లము వలసినను, విషయము మన స్త్రీలకు క్రొత్తదికాదు. చల్లకువచ్చి ముంత దాచుట మన పెరళ్లలో పుట్టిన సామెతయే. ప్రక్కయింట పెండ్లిచూపులవారు దిగిరని తెలిసిన వెంటనే ఈ యింటి యిల్లాలికి పాలలో వేయుటకు తోడు కరవగును. 'అక్కయ్యగారూ, కాస్త తోడుంటే యిప్పించెదరా?' అని గిన్నెతో పోవును. తోడు నిజముగానే తెచ్చుకొనును, తెచ్చి పాలలో వేయును, మరునాడు పెరుగును అగును. ఆ తోడు ఆమె రాకకు ఆస్టెన్సిబుల్ పర్పస్. అబద్ధము లేశమును లేదు.

మన యాలంకారికులు దీనిని శాస్త్రములోనికే యెక్కించిరి. బయటపడిన భావమును మరియొక కారణము చెప్పి కప్పిపుచ్చుట వ్యాజోక్తి యను నలంకారము. మమ్మటుని కావ్యప్రకాశమునందు దీనికొక రమణీయమైన యుదాహరణము కలదు. పార్వతీకల్యాణమున హిమవంతుడు కన్యాదానము చేయుచుండగా, ఆమె హస్తస్పర్శచే శివునకు పులకలు పుట్టును. విధి తడబడును. సభలో నందరును చూచుచుండగా నేమి చేయును పాపము! ఆహా, ఈ హిమవంతుని చేతు లెంత చల్లనివి యనును. అంతఃపురస్త్రీలును మాతృకలును నవ్వుకొందురు. హిమవంతుని చేతులు చల్లగా నుండుట సత్యమే యనుట గమనింపదగినది. అభిజ్ఞానశాకుంతలము ప్రథమాంకము చివరను శకుంతల పాదమున దర్భ గ్రుచ్చుకొన్నదనియు, వల్కలము కొమ్మకు తగులుకొన్నదనియు చెప్పి నిలిచి దుష్యంతుని మరల చూచుటయు ఈ తెగలోనిదే.

అన్నియు నింత ముచ్చటగా నుండవు. విరాటపర్వమున సుదేష్ణ సైరంధ్రిని కీచకునింటికి పంపిన ఘట్టమును మన సోదరీమణు లెరుగుదురు. తనకు దాహముగా నున్నదనియు, తమ్మునియింట మంచి మద్యమున్నది తెమ్మనియు రాణి యాజ్ఞ. ద్రౌపది ఆ మాటను విని, మద్యము మాట యెట్లున్నను తన్ను పంపుటయే ప్రయోజనమని తక్షణమే గ్రహించెను. మరియొకతెను పంపుమని వేడుకొనెను. సుదేష్ణ వినలేదు. పైకి చెప్పిన పని యెంత చిన్నదో, దానిని కాదనుట అంత కష్టము! 'నన్ను నీ తమ్మునికి అప్పగించుచున్నావు' అని దాసి రాణితో ననజాలదు. అన్నచో 'మద్యము తెమ్మంటిని గాని మరేమంటిని?' అని రాణి యెదురడుగగలదు. బలముగలవారికి ఆస్టెన్సిబుల్ కారణ మొక డాలు. కొలువులో, బడిలో, బంధువులయింట నేటికిని ఒంటరిగా నొక గదిలోనికి రమ్మని పిలుచువా డొక కాగితమునో పుస్తకమునో చేత పట్టుకొనియే పిలుచును. మన యాడుబిడ్డలకు ఈ యాంగ్లపదము రాకున్నను ఫరవాలేదు, ద్రౌపదికి కలిగిన యనుమానము రావలెను. అనుమానించినందులకు వారిని ఇంటిలోని పెద్దలు కోపపడకుండుట అంతకంటెను ముఖ్యము.

రాజ్యములు నడుపువారు ఈ పదమునకు పెద్ద పోషకులు. 1905 అక్టోబరు 16వ తేదీన కర్జను ప్రభుత్వము వంగరాష్ట్రమును రెండుగా చీల్చెను. పైకి చెప్పిన కారణము పరిపాలనా సౌకర్యము. బీహారు, ఒరిస్సాలతో గూడిన ఆ రాష్ట్రమున దాదాపు 7 కోట్ల 80 లక్షల జనముండిరి గనుక ఆ కారణము వట్టిమాటయని త్రోసివేయుటకు వీలులేదు. అయినను 1904లో హోం కార్యదర్శియగు రిస్లీ వ్రాసిన ఆంతరంగిక లేఖనములలో, ఏకమైయున్న వంగదేశము బలము గలదనియు, చీలినచో తలయొక దారిని లాగుననియు, తమ్మెదిరించువారిని బలహీనపరచుట ముఖ్యోద్దేశములలో నొకటనియు స్పష్టముగా నున్నది. చరిత్రకారులు మొదటిదానిని ఆస్టెన్సిబుల్ రీజన్ అని వ్రాయుట అందువలననే. 1911లో ఆ విభజన రద్దయ్యెను. దాని వేడి మన గోదావరీతీరమునకును సోకినది. 1907లో బిపిన్ చంద్ర పాలు వచ్చి రాజమహేంద్రవరమున నుపన్యసించిన పిమ్మట, వందేమాతర చిహ్నములు ధరించినందులకు విద్యార్థులు కళాశాలనుండి వెడలగొట్టబడిరి.

ఇంటిలోనికి మరల వత్తము. సంబంధములు తప్పిపోవునప్పుడు మనవారు వ్రాయు జాబులను మేము చాల చూచితిమి. జాతకములు కుదరలేదు, సగోత్రమేమోయని సందేహము కలిగినది, పిల్లవాడు మరి రెండేండ్లు చదువుదు నన్నాడు. వీనిలో కొన్ని నిజములు, కొన్ని కావు. 1961లో వరకట్న నిషేధశాసనము వచ్చినది మొదలు కట్నము చాలలేదని కాగితముమీద పెట్టువా రెవరును లేరు గావున, జాతకములపై భారము మరింత పెరిగినది. ఇట్టి జాబులు వ్రాయువారిని మేము పూర్తిగా తప్పుపట్టజాలము. పిల్ల చామనచాయయని నచ్చలేదని మొగముమీద చెప్పుటకంటె నక్షత్రములపై నెట్టుట కొంత దయ. కాని ఆ పిల్ల యింటిలో కూర్చుండి, తన నక్షత్రమే చెడ్డదని నమ్మి, ఏడాది కొకమారు శాంతులు చేయించుకొనుచుండుటయు మే మెరుగుదుము. తల్లులైనను ఆమెతో 'ఇది వారు పైకి చెప్పిన మాటయే తల్లీ' యని చెప్పవలదా?

ఇక వ్యాజ్యపు సంగతి. 1882వ సంవత్సరపు ఆస్తి బదిలీ చట్టమున 41వ సెక్షనులో 'ఆస్టెన్సిబుల్ ఓనర్' అను మాట కలదు. దస్తావేజునందలి పేరునుబట్టియు నడవడినిబట్టియు లోకమునకు యజమానిగా కనబడువాడని యర్థము. దొంగయను భావ మందులో లేదు. ఒకరి సొమ్ముతో మరియొకరి పేర కొనుటను బేనామీ యందురు. పారసీకమున 'బే' యనగా లేనిది, 'నామ్' యనగా పేరు. భార్యలపేర కొనుట మనదేశమున నెప్పటినుండియో యున్నది గావున 1988 నాటి బేనామీ నిషేధచట్టము సయితము భార్యపేరను, అవివాహితయగు కుమార్తెపేరను కొనుటను మినహాయించినది. 2016 సవరణ తరువాత, తెలిసిన యాదాయమునుండి వెల చెల్లించి భార్యపేరనో భర్తపేరనో బిడ్డలపేరనో కొన్న యాస్తి బేనామీ యనిపించుకొనదు.

మా సోదరిని ఆస్టెన్సిబుల్ ఓనర్ అని వ్రాసినది ప్రతిపక్షమువారు. వా రట్లనుచున్నారు, అంతమాత్రమే. దస్తావేజునందలి పేరు నిజమైన యజమానిది కాదనువాడే దానిని రుజువు చేయవలెనని 1974లో సుప్రీంకోర్టు చెప్పియున్నది. వెల యెవరి సొమ్ము, కొన్నపిమ్మట స్వాధీనమెవరిది, ఆమెపేర కొనుటకు హేతువేమి, ఉభయులకు బంధుత్వమేమి, అసలు దస్తావేజు లెవరివద్ద నున్నవి, తరువాత ఆస్తివిషయమున నెవ రెట్లు నడచుకొనిరి అనునవి యందు చూడవలసిన గుర్తులు. పుట్టింటివా రిచ్చిన సొమ్మో, నగలమ్మిన సొమ్మో వెలలో చేరియున్నచో ఆ రసీదులును బ్యాంకు కాగితములును వెదకి వకీలుగారి కీయవలెను. ఇంటిపన్ను తనపేర తానే కట్టుచుండవలెను. దస్తావేజు ఏ బీరువాలో నున్నదో, ఆ బీరువా తాళపుచెవి యెవరి మొలనున్నదో కూడ ఆలోచింపవలసినదే.

దీనికి వ్యతిరేకమైన ప్రమాదము మరియొకటి కలదు. స్త్రీ తన సొంత భూమిని అన్నపేరనో భర్తపేరనో ఉండనిచ్చి యూరకున్నచో, ఆమె సమ్మతితో యజమానివలె కనబడుచున్న యాతడు దానిని వెలకు అమ్మివేయవచ్చును. కొన్నవాడు తగిన విచారణ చేసి, సద్భావముతో కొన్నయెడల, 41వ సెక్షను ఆ కొన్నవానినే కాపాడును. 'అది నిజముగా నాది' యని ఆమె తరువాత చెప్పినను ఫలముండదు. సమ్మతి నోటితో చెప్పనక్కరలేదు, నడవడివలన తెలిసినను చాలును. కావున పేరు మార్పించుకొనవలసినవారు మొగమాటపడక మార్పించుకొనవలెను. ఇంటిలో తగవులేనప్పుడు అది యొకపూట పని.

పలుకునప్పుడు రెండవ యక్షరమగు 'టెన్'పై ఊనిక యుంచవలెను. ఈ ధాతువునుండియే పుట్టిన 'ఆస్టెంటేషస్' అను పదమునకు పేరంటములలో నగలు చూపుకొనుటతో నెక్కువ సంబంధము. రెండింటిని ఒకటిగా భావించి వ్రాయువారు కలరు గావున దానిని వచ్చెడి నెల విచారింతము.