సంఘం ఎవరిది? పిలుపు ఎవరికి?

ప్రకాశం జిల్లాలో ఒక పల్లె. దళితవాడలో ఇళ్ళ మధ్య సున్నం వేసిన చిన్న మందిరం. కొన్నేళ్ళ క్రితం పరిశోధన పనిమీద ఆ వాడలో ఉన్నప్పుడు ఒక ఆదివారం ఆరాధన అయిపోయాక ముప్ఫయ్యేళ్ళ స్త్రీ ఒకామె పాస్టరు గారి దగ్గరికి వచ్చింది. కంటి కింద వాచి ఉంది. రాత్రి భర్త కొట్టాడని చెప్పింది. ఆయన చెడ్డవాడేమీ కాదు. ఆమె తలమీద చెయ్యి ఉంచి ప్రార్థన చేశాడు. "ఓర్చుకోమ్మా, నీ ఓర్పు చూసి దేవుడే అతన్ని మారుస్తాడు" అని ఇంటికి పంపించాడు. కొట్టిన భర్త అదే మందిరంలో మగవాళ్ళ వైపు మొదటి వరసలోనే కూర్చున్నాడు. ఆరోజు కానుక పళ్ళెం పట్టిందీ అతనే. అతన్ని పిలిచి ఒక్క మాట అన్నవాళ్ళు లేరు.

అదే స్త్రీ గురువారం సాయంత్రం మహిళా సంఘం సమావేశానికి వచ్చింది. కార్యకర్త ఆమెకి 2005 గృహహింస చట్టం గురించి ఓపిగ్గా చెప్పింది. అంతా విని ఆమె అడిగింది: "చట్టం సంగతి సరేనక్కా, మా సంఘం ఏమంటుందో?" ఆమె 'మా సంఘం' అన్నది మనల్ని కాదు, చర్చిని.

తెలుగులో రెండింటికీ ఒకటే మాట. గురువారం మహిళా సంఘం, ఆదివారం క్రైస్తవ సంఘం. రెండిట్లోనూ ఉన్నది అదే స్త్రీలు. ఒకచోట హక్కు అంటారు, ఇంకొకచోట ఓర్పు అంటారు. ఈ రెంటి మధ్య నలిగేది ఆ స్త్రీ. అందుకే క్రైస్తవ సంఘం తన పిలుపుకి నమ్మకంగా ఉందా లేదా అన్నది పాస్టర్లూ బిషప్పులూ తమలో తాము తేల్చుకునే ప్రశ్నగా మిగలకూడదు. అది మన ప్రశ్న కూడా.

నిజమైన సంఘం ఏది అని అడిగితే సాధారణంగా వచ్చే జవాబులు మనకి తెలుసు. సిద్ధాంతం శుద్ధంగా ఉన్నది, దశమభాగాలు సక్రమంగా వసూలయ్యేది, స్వస్థతలు జరిగేది, విశ్వాసుల సంఖ్య పెరిగేది. ఈ కొలతలన్నీ సంస్థ క్షేమాన్ని కొలిచేవే తప్ప అందులోని మనుషుల క్షేమాన్ని కొలిచేవి కావు. బైబిల్లోని కొలత వేరు. నజరేతు సమాజమందిరంలో లేచి నిలబడి యేసు తన పని ఏమిటో ప్రకటించుకున్నప్పుడు పేదలు, చెరలో ఉన్నవాళ్ళు, నలిగినవాళ్ళు అన్నాడే గాని సభ్యత్వ పట్టిక ప్రసక్తి తేలేదు. ఉపవాసం గురించి యెషయా ప్రవక్త చెప్పిందీ అదే: కాడి విరగ్గొట్టటమే ఉపవాసం. ఇది కొత్తగా స్త్రీవాదులు కనిపెట్టిన బైబిలు కాదు. వాళ్ళ చేతుల్లో ఉన్న బైబిలే.

పిలుపు అన్న మాట మన తెలుగు నేలమీద ఒకసారి నిజంగా పరీక్షకు వచ్చింది. 1866లో ఒంగోలు చేరిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దగ్గరికి ఒకపక్క పైకులాల వాళ్ళు వస్తున్నారు, ఇంకొకపక్క యెర్రగుంట్ల పేరయ్య వెంట మాదిగలు వస్తున్నారు. మాదిగల్ని చేర్చుకుంటే మేం రామని పైకులాల వాళ్ళు తేల్చి చెప్పారు. ఆ రోజు తానూ తన భార్యా వేరువేరు గదుల్లో బైబిలు తెరిస్తే ఇద్దరికీ ఒకే భాగం కనపడిందని క్లౌ తర్వాత రాసుకున్నాడు. కొరింథు సంఘానికి పౌలు రాసిన మొదటి ఉత్తరంలో, మీ పిలుపు ఎలాంటిదో చూసుకోండి, మీలో జ్ఞానులూ బలవంతులూ గొప్ప వంశాలవాళ్ళూ ఎంతమంది ఉన్నారు అని అడిగే భాగం అది. క్లౌ దంపతులు మాదిగల్నే ఎంచుకున్నారు. పైకులాల వాళ్ళు పోయారు. 1876-78 కరువు కాలంలో బకింగ్‌హామ్ కాలువ పని చేయిస్తున్నంతకాలం, కూటి కోసం మతం మారుతున్నారన్న మాట రాకుండా బాప్తిస్మాలు ఆపారు. పని అయిపోయాక 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు.

మిషనరీల్ని పొగడటానికి ఇది చెప్పటం లేదు. వాళ్ళు ఆడపిల్లలకి చదువు చెప్పారు, దానితోపాటు అణకువగల ఇల్లాలి నమూనాని కూడా నేర్పారు. నేను చెప్పదలుచుకున్నది వేరు. ఈ నేలమీద సంఘం పుట్టిందే పెద్దల మర్యాద పోగొట్టుకుని. పరపతి ఉన్నవాళ్ళా, పరపతి లేనివాళ్ళా అన్న ప్రశ్న వచ్చినప్పుడు లేనివాళ్ళ పక్కన నిలబడింది కాబట్టే అది సంఘం అయింది. ఆ ప్రశ్న ఇవాళ భర్తా భార్యా మధ్య, కమిటీ పెద్దా ఫిర్యాదు చేసిన అమ్మాయీ మధ్య వస్తోంది. ఇప్పుడు సంఘం ఎవరి పక్కన నిలబడుతోంది?

మా అమ్మమ్మ బైబిలు స్త్రీ. ఊరూరా కాలినడకన తిరిగింది. అక్షరాలు నేర్పింది, కాన్పులకి వెళ్ళింది, శవాల దగ్గర కూర్చుని ఏడ్చేవాళ్ళని ఓదార్చింది. ఇల్లాళ్ళు పొయ్యిమీద ఎసరు పెట్టేముందు తీసి ఉంచిన పిడికెడు బియ్యాన్ని ఇంటింటా పోగుచేసి మందిరానికి చేర్చింది. ఆ బియ్యం అమ్మిన డబ్బుతో గోడలు లేచాయి. ఆ డబ్బు లెక్క చూసే కమిటీలో మాత్రం ఒక్క ఆడమనిషి లేదు. ప్రభువు బల్ల దగ్గర రొట్టె విరిచే హక్కు ఆమెకి ఏనాడూ రాలేదు. పని మానేసిననాడు చేతిలో పెట్టింది ఒక చీర, ఒక దండ. ఇవాళ పాస్టరమ్మల స్థితి ఏమంత మారింది? సండే స్కూలు, స్త్రీల కూటాలు, రోగుల దగ్గరికి వెళ్ళటం, వచ్చినవాళ్ళకి వండిపెట్టటం అన్నీ ఆమే చేస్తుంది. జీతం మాత్రం ఒక్కరికే వస్తుంది. ఆ ఒక్కరు ఆమె కాదు.

స్త్రీలు సంఘంలో మౌనంగా ఉండాలని పౌలు రాశాడు కదా అంటారు. రాశాడు. అదే ఉత్తరంలో స్త్రీలు ప్రార్థించటం, ప్రవచించటం గురించి కూడా రాశాడు. మౌనంగా ఉండి ఎలా ప్రవచిస్తారు? రోమా సంఘానికి రాసిన ఉత్తరం చివర ఫీబేని సంఘ పరిచారకురాలన్నాడు, ప్రిస్కిల్లని జతపనివారన్నాడు, యూనియ పేరు అపొస్తలుల వరసలో తలచాడు. పునరుత్థానాన్ని మొదట చూసిందీ, మొదట చెప్పిందీ మగ్దలేనే మరియ. మగ శిష్యులు ఆమె మాట నమ్మలేదు. ఆడదాని సాక్ష్యాన్ని కొట్టిపారెయ్యటం ఎంత పాతదో సువార్తలే చెప్తున్నాయి. ఇన్ని వాక్యాల్లోంచి ఒక్క వాక్యాన్నే ఏరుకుని చట్టం చెయ్యటాన్ని భక్తి అనకూడదు. అది అధికార రాజకీయం.

1947లో ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘం స్త్రీలకి గురుత్వాభిషేకం ఇవ్వటం 1976లో మొదలుపెట్టింది. మన నంద్యాల డయాసిస్‌కి ఇ. పుష్పలలిత బిషప్పు అయ్యింది 2013లో. ఆ సంఘంలో ఒక స్త్రీ ఆ స్థానానికి రావటానికి 66 ఏళ్ళు పట్టింది. ఇది గెలుపే, కాదనను. రోమన్ కాథలిక్ సంఘంలో స్త్రీలకి ఆ తలుపు నేటికీ తెరుచుకోలేదు. అయితే ఒక స్త్రీ పైకి వెళ్ళినంత మాత్రాన కింద ఉన్న స్త్రీ మాట వింటారన్న హామీ లేదు. పల్లెలో కంటి కింద వాపుతో వచ్చిన స్త్రీకి కావలసింది అదీ.

చట్టాల చరిత్ర చూద్దాం. 1869 విడాకుల చట్టం ప్రకారం క్రైస్తవ భర్త భార్య వ్యభిచారం ఒక్కటి రుజువు చేస్తే చాలు. భార్య మాత్రం భర్త వ్యభిచారంతోపాటు క్రూరత్వమో, వదిలెయ్యటమో మరొకటి కూడా రుజువు చెయ్యాలి. అంటే ఎంత కొట్టినా, కొట్టటం ఒక్కటే విడాకులకి చాలదు. 1995లో కేరళ హైకోర్టు ఆ వివక్షని కొట్టేసింది. పార్లమెంటు చట్టాన్ని సవరించింది 2001లో. 132 ఏళ్ళు! ఈ మార్పు కోసం క్రైస్తవ స్త్రీలు ఎంతగానో పోరాడారు. కానీ ఇన్నేళ్ళలో ఎన్ని పీఠాల మీదినుంచి ఈ అన్యాయం గురించి ప్రసంగం వినపడింది? భార్యని విడిచిపెట్టటం దేవునికి అసహ్యమన్న మలాకీ వాక్యం మాత్రం వినపడుతూనే ఉంది. అదే వాక్యంలో హింస కూడా అంతే అసహ్యమని ఉంది. ఆ సగం చదవరు.

ఆస్తి సంగతీ అంతే. 1916 తిరువాన్కూరు క్రైస్తవ వారసత్వ చట్టం కింద కూతురికి కొడుకు వాటాలో నాలుగో వంతు గాని 5,000 రూపాయలు గాని, ఏది తక్కువైతే అది. మేరీ రాయ్ పోరాడి 1986లో సుప్రీంకోర్టులో గెలిస్తే సంఘపెద్దల్లో చాలామంది హర్షించకపోగా ఎదురు తిరిగారు. సంఖ్యాకాండంలో సెలోపెహాదు కూతుళ్ళు అయిదుగురు మోషే ముందు నిలబడి తండ్రి ఆస్తిలో వాటా అడిగారు. వాళ్ళు అడిగింది న్యాయమేనని దేవుడన్నట్టు రాసి ఉంది. బైబిలుని అక్షరాలా నమ్ముతామనేవాళ్ళు ఆ అక్షరాలు ఎందుకు చూడలేదు?

ఇక మౌనం సంగతి. దావీదు కూతురు తామారు మీద సవతి అన్నే అత్యాచారం చేస్తే ఆమె బట్టలు చింపుకుని కేకలు వేస్తూ వీధిలోకి వెళ్ళింది. ఇంకో అన్న ఊరుకోమన్నాడు, ఇంటి సంగతి కదా అని. రాజు మండిపడ్డాడు, కానీ ఏమీ చెయ్యలేదు. ఈ కథ మన చర్చిల్లో ప్రసంగంగా విన్నామా? 2018 సెప్టెంబరులో కొచ్చిలో అయిదుగురు సన్యాసినులు తోటి సన్యాసిని ఫిర్యాదుని పట్టించుకోమని వీధిలో కూర్చోవలసివచ్చింది. ఆ కేసులో నిందితుణ్ణి 2022 జనవరిలో విచారణ కోర్టు నిర్దోషిగా విడిచిపెట్టింది. తీర్పు సంగతి అలా ఉంచండి. సంఘం లోపల వినే చోటే ఉంటే వాళ్ళు రోడ్డెక్కేవాళ్ళా? గురువులు సన్యాసినుల మీద లైంగిక దౌర్జన్యం చేసిన ఘటనలున్నాయని పోపు ఫ్రాన్సిస్ 2019లో స్వయంగా ఒప్పుకున్నాడు. ఒప్పుకోవటానికి ఎంతమంది స్త్రీలు ఎన్నేళ్ళు ఎదురుచూశారు!

ఇక్కడ ఒక బలమైన అభ్యంతరం ఉంది. "బయట మనమీద దాడులు జరుగుతున్నాయి. 1999లో గ్రాహం స్టెయిన్స్‌నీ ఇద్దరు కొడుకుల్నీ సజీవంగా తగలబెట్టారు. 2008లో కంధమాల్ తగలబడింది. దళితుడు క్రైస్తవుడైతే 1950 రాష్ట్రపతి ఉత్తర్వు అడ్డం వచ్చి రిజర్వేషన్ పోతుంది. ఇలాంటప్పుడు మన ఇంటి గుట్టు శత్రువుకి అందిస్తారా?" ఈ మాటని నేను తేలిగ్గా తీసుకోను. ఆ దాడులు నిజం, ఆ భయం నిజం. ఆరాధించుకునే హక్కు మీద దెబ్బ పడితే మనమందరం వాళ్ళ పక్కన నిలబడాలి, షరతులు పెట్టకుండా. కానీ కంధమాల్ దాడుల్లో అత్యాచారానికి గురైన సన్యాసినీ స్త్రీయే. బయటినుంచి దెబ్బ పడ్డప్పుడు ముందు దెబ్బతినేవాళ్ళని లోపల మాట్లాడొద్దనటం ఏం న్యాయం? సమాజం ప్రమాదంలో ఉంది, ఆడవాళ్ళు కాస్త ఆగండి అన్న మాటని మనం అన్ని మతాల్లో, అన్ని ఉద్యమాల్లో విన్నాం. ఆ 'కాస్త' ఎప్పటికీ అయిపోదు.

1985 జూలైలో కారంచేడులో తాగేనీళ్ళ చెరువు దగ్గర, తనమీదికి వచ్చిన పెత్తందార్లకి ఎదురుగా బిందె ఎత్తిన మాదిగ స్త్రీ పేరు సువార్త. మర్నాడు దాడి చేసి ఆరుగుర్ని చంపారు. ఆమె ఏ పీఠం ఎక్కలేదు, ఎవరి అనుమతీ అడగలేదు. సువార్త అంటే ఏమిటో ఆమె చేసి చూపించింది. పిలుపు అందుకున్నది అక్కడ ఆమె కాకపోతే ఇంకెవరు?

మన వైపు తప్పు కూడా చెప్పుకోవాలి. మతం పితృస్వామ్యం, దాంతో మనకేం పని అని మనలో చాలామంది పక్కకి తప్పుకున్నాం. మనం తప్పుకున్నా ఆ స్త్రీలు తప్పుకోరు. బిడ్డ చచ్చిపోయిన రాత్రి వచ్చి కూర్చునేది వాళ్ళకి ఆ సంఘమే. ఊరి బావిలో నీళ్ళు ముట్టనివ్వని రోజుల్లో వాళ్ళని పేరుపెట్టి పిలిచింది ఆ సంఘమే. దాన్ని వదిలేసి రమ్మని చెప్పే హక్కు మనకి లేదు. అది వాళ్ళదే అని చెప్పే బాధ్యత ఉంది.

కాబట్టి స్త్రీల మైత్రుల్లో, సంఘ కమిటీల ముందు ఈ ప్రశ్నలు పెట్టమని అడుగుతున్నాను. పెళ్ళి ప్రకటన మూడు ఆదివారాలు చదివి అడ్డంకులుంటే చెప్పమంటారు. 1961 నుంచీ నేరమైన కట్నం అడ్డంకి కాదా? కమిటీలో సగంమంది స్త్రీలు ఎందుకు లేరు? కానుకల లెక్క అందరి ముందూ ఎందుకు చదవరు? పాస్టరమ్మకీ బైబిలు స్త్రీకీ జీతం ఎంత? పనిచేసేచోట లైంగిక వేధింపుల మీద 2013లో చట్టం వచ్చింది. మన డయాసిస్‌లో, మిషన్ బళ్ళలో, ఆసుపత్రుల్లో ఫిర్యాదుల కమిటీ ఉందా, అందులో బయటి స్త్రీ ఉందా? మాలలకో మందిరం, మాదిగలకో మందిరం ఇంకా ఎందుకు? భార్యని కొట్టినవాడి చేతికి కానుక పళ్ళెం ఎవరిచ్చారు?

ఈ ప్రశ్నలకి జవాబు చెప్పే సంఘమే తన పిలుపుకి నమ్మకంగా ఉన్నట్టు. తప్పించుకునే సంఘానికి గోపురం ఎంత ఎత్తున్నా అది ఉట్టి కట్టడమే. ఆ పల్లెలో వచ్చే ఆదివారం ముందుకు పిలిచి మాట్లాడవలసింది ఆమెతో కాదు, అతనితో. అదొక్కటి జరిగితే, గురువారం ఆమె మనల్ని అడిగిన ప్రశ్నకి జవాబు దొరికినట్టే.