జుట్టు సంరక్షణ

జుట్టు నెలకు సుమారు 1 సెంటీమీటరు పెరుగుతుంది. ఏ నూనె రాసినా ఆ వేగం పెద్దగా మారదు. మరి నెలలో జడ బారెడవుతుందనే ప్రకటనలను నమ్మి డబ్బు తగలేయడమెందుకు? పప్పూ ఆకుకూరా తినని పిల్లకు సీసాలోని నూనె ఏం చేయగలదు?

మన చేతిలో ఉన్నది, పెరిగిన జుట్టు తెగకుండా చూసుకోవడమే. తలస్నానానికి ముందు కొబ్బరినూనె పట్టించాలి. కుంకుడురసం కంట్లో పడితే మంటే, అయినా మురికి వదులుతుంది. తడి జుట్టు సులువుగా తెగుతుంది కనుక, ఆరిన తరువాతే వెడల్పు పళ్ళ దువ్వెనతో కొసల నుండి చిక్కు తీయాలి. రోజుకు 50 నుండి 100 వెంట్రుకలు రాలడం సహజం, బెంగపడకండి.

బడికి వెళ్ళేటప్పుడు జడను బిగలాగి అల్లడం మాత్రం నాకు నచ్చదు. ఏళ్ళ తరబడి అలా లాగితే నుదుటి దగ్గర కుదుళ్ళు దెబ్బతింటాయి. కాస్త వదులుగా అల్లమని అమ్మను అడగండి.